మూడుసార్లు పిలిచాను సార్

పదకొండేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. మా ఆవిడకు చెప్పలేదు. దేవుడి ముందు కళ్ళు మూసుకున్నప్పుడు కూడా ఆ మాట దగ్గరకు వచ్చేసరికి దాటేసి, పిల్లల ఆరోగ్యం సంగతి విన్నవించుకుని లేచిపోయేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. ఎదురుగా కూర్చుని ఉంటే మీకూ చెప్పలేను. మొహం చూస్తూ నిజం చెప్పే మనిషిని కాదు నేను. ఇది చదివేసరికి ఆ సంగతి మీకే తెలుస్తుంది.

కోర్టులో అటెండరుగా పనిచేసి రిటైరయ్యాను. పలాస, టెక్కలి, మందస వైపు తిరిగేవాళ్ళకు మా కోర్టు తెలిసే ఉంటుంది. ఏ ఊరిదో రాయను. ఇందులో కోర్టు తప్పేమీ లేదు. తప్పు ఒక్క మనిషిది. ఆ మనిషే ఇది రాస్తున్నాడు.

ఉద్యోగానికి ముందు పలాస స్టేషన్ బయట ఆటోల దగ్గర ‘మందస, మందస, మందస’ అని అరిచేవాణ్ణి. రైలు దిగి ఇంకా వంతెన మెట్లెక్కుతున్నవాళ్ళకు కూడా నా అరుపు వినిపించేది. దేవుడు నాకు చదువివ్వలేదు, ఆస్తి ఇవ్వలేదు, గొంతిచ్చాడు. దాని మీద నాకు కాస్త పొగరు కూడా ఉండేది, ఎందుకు అబద్ధం. కోర్టులో చేరాక ఆ పొగరు ఇంకొంచెం పెరిగింది. అక్కడ నా పనే పిలవడం.

కోర్టు మొహం చూడని అదృష్టవంతులకు ఆ పనేమిటో చెబుతాను. కేసు వంతు రాగానే బెంచి క్లర్కు నంబరూ పేర్లూ చదువుతాడు. నేను హాలు గుమ్మం దాటి వరండాలోకి వచ్చి ఆ పేరును మూడుసార్లు పిలవాలి. మనిషి వస్తే లోపలికి పంపాలి. మూడో పిలుపుకీ రాకపోతే లోపలికి వెళ్ళి, పిలిచాను సార్, లేరు అని చెప్పాలి. అప్పుడు జడ్జిగారు వాది గైర్హాజరనో ప్రతివాది గైర్హాజరనో రాసేస్తారు. వాది రాకపోతే కేసు కొట్టేయవచ్చు. నేను పిలిస్తే రోడ్డవతల టీకొట్టు దగ్గరున్న లాయర్ల గుమస్తాలు చేతిలో గ్లాసు వదిలేసి పరుగెత్తుకొచ్చేవారు. కోర్టులో మైకెందుకు, నువ్వుండగా అని లాయర్లు నన్ను ఆటపట్టించేవారు.

లాయరున్నవాడికి నిజానికి ఆ పిలుపుతో పెద్ద అవసరం లేదు. లాయరు లోపలే ఉంటాడు, లేదా ఆయన గుమస్తా ఉంటాడు. వాళ్ళు బయటికి పోయి పార్టీని వెతికి లాక్కొస్తారు. లాయరు లేకుండా నా కేసు నేనే చెప్పుకుంటానని వచ్చేవాడికి మాత్రం ఎవరున్నారు? నా గొంతొక్కటే. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

అలా వచ్చిన ఒక మనిషి గురించే ఇదంతా. దానమ్మ అంటాను. అది ఆమె పేరు కాదు. అసలు పేరు రాయాలనే కూర్చున్నాను. చెయ్యి కదల్లేదు.

దానమ్మది ఉద్దానంలో సముద్రానికి దగ్గర ఊరు. అరవై సెంట్ల జీడితోట, గట్టు మీద నాలుగు కొబ్బరి చెట్లు. తుఫానుకు పాత చెట్లు వేళ్ళతో సహా లేచిపోతే, మొగుడూ పెళ్ళామూ ఇసక నేలలో బిందెలతో నీళ్ళు మోసి మళ్ళీ మొక్కలు వేసుకున్నారు. అవి కాపుకొచ్చే వేళకు మొగుడికి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో అదేమీ వింత కాదు, వీధికొకరుంటారు. తోటలో మొదటి జీడిపిక్కలు ఏరిన నెలలోనే ఆయన పోయాడు. కర్మలు అయ్యాయో లేదో, పక్కతోట ఆసామి గట్టు మీదకొచ్చి, ఈ తోట నీ మొగుడు నాకు ఎప్పుడో నోటిమాట మీద అమ్మేశాడన్నాడు. దానమ్మ కోర్టుకొచ్చింది. తోటలోకి అతను అడుగు పెట్టకూడదని ఆర్డరు కావాలని దావా వేసింది. కేసు తేలేవరకూ అడుగు పెట్టొద్దని తాత్కాలికంగా ఆర్డరు కూడా వచ్చింది. ఆ ఆర్డరు కాగితం నకలును ఆమె మొగుడి ఫోటో వెనక దాచుకుంది.

మొదటి లాయరు ఏడాది తిరక్కుండానే కేసు కాగితాల కట్ట తిరిగిచ్చేశాడు. ఆ ఆసామితో విరోధం పెట్టుకుని ఈ ఊళ్ళో ఉండలేనమ్మా అని ఉన్న మాట చెప్పేశాడట. తర్వాత ఎవరి దగ్గరకు వెళ్ళినా రేపు రా అనేవారే. చివరికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే లాయరును ఇచ్చారు. మంచివాడే, కానీ ఒకే రోజు మూడు ఊళ్ళలో వాయిదాలుండే మనిషి. ఒకసారి ఆయనా రాలేదు, జ్వరంతో ఆసుపత్రిలో ఉండి దానమ్మా రాలేదు. కేసు కొట్టేశారు. ఆమె అర్జీ పెట్టుకుంటే జడ్జిగారు దయతలచి మళ్ళీ తీసుకున్నారు. ఇదే ఆఖరు, ఇంకోసారి రాకపోతే నా చేతుల్లో ఏమీ ఉండదని అందరి ముందూ హెచ్చరించారు.

ఆ రోజే దానమ్మ, ఇక నా మాట నేనే చెప్పుకుంటానంది. హాల్లో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. చట్టం తెలుసా అని అడిగారు. చట్టం తెలియదు, తోట తెలుసునంది. ఆయన కాసేపు ఆమె వంక చూసి, సరే అని రాసుకున్నారు.

ఆమెకు ఎక్కడ నిలబడాలో చూపించింది నేనే. బోను ఇటు, జడ్జిగారు అటు, మొహం ఇలా పెట్టు, ఆయన రాసుకునేటప్పుడు ఆగు, మళ్ళీ తలెత్తాక చెప్పు. చెప్పులు గుమ్మం బయట విడవక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా విడిచే వచ్చేది. బట్టల కొట్టువాడిచ్చిన సంచిలో పాసుపుస్తకం, పన్ను రసీదులు, మొగుడి ఫోటో, ఇంకా చుట్టి రబ్బరు బ్యాండు వేసిన ఒక పాత క్యాలెండరు తెచ్చేది. ఆ క్యాలెండరు వెనక ఆమె తోట గీసుకుంది. నలభై రెండు చెట్లు, చెట్టుకొక సున్నా. ఏ చెట్టు ఎవరు నాటారో, ఏది వంకర తిరిగిందో, దేనికి పురుగు పడితే ఎన్నాళ్ళు పసుపు నీళ్ళు పోశారో అన్నీ నోటికి వచ్చు. మధ్యాహ్నం కోర్టు లేచాక వెనకాల కుళాయి దగ్గర సిమెంటు బల్ల మీద కూర్చుని నాకు ఒప్పజెప్పేది. నేను జడ్జిగారిలాగా తల పైకెత్తేవాణ్ణి, దించేవాణ్ణి. తోట అమ్మేసినవాడు అన్ని చెట్లకూ నీళ్ళు మోస్తాడా అని చివర్లో అడగాలని ఇద్దరం కలిసి అనుకున్నాం. నాకు అదొక సరదాగా ఉండేది. ఎవరో ఒక మనిషి నా దగ్గర కూడా నేర్చుకుంటోంది కదా అని.

ఆమెకూ అప్పటికే కాళ్ళు పొంగేవి. కిక్కిరిసిన వరండాలో గంటల తరబడి నిలబడలేకపోయేది. నేనే అన్నాను, నువ్వు ఆ కుళాయి దగ్గర బల్ల మీద కూర్చో అమ్మా, నీ వంతు రాగానే నేను పిలుస్తాను, నా గొంతు అక్కడికి రాకపోతే ఇంక దేనికి ఈ ఉద్యోగం అని. ఆ బల్ల దగ్గరకు నా పిలుపు సుళువుగా చేరేది. అక్కణ్ణుంచి ఆమె ప్రతి వాయిదాకూ లేచి వచ్చింది, మొదటి పిలుపుకే. రెండోది పిలిచే అవసరం నాకెప్పుడూ రాలేదు.

ఇక్కడ ఆగిపోయాను. రెండు రోజులు ఆగాను. ఇప్పుడు మళ్ళీ రాస్తున్నాను.

ఒక ఆదివారం పొద్దున్న మా బావ మా ఇంటికొచ్చాడు. సొంత బావ కాదు, మా ఆవిడ పెదనాన్న కొడుకు. ఊళ్ళో భూమి, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ, ఎన్నికలొస్తే ఇంటి ముందు బారులు తీరే కార్లూ ఉన్న మనిషి. పక్కతోట ఆసామి అన్నాను చూడండి, అతనే. ఇది ముందే చెప్పాల్సింది. ఇంతసేపు పట్టింది.

ఆటోల దగ్గర అరుచుకుంటున్న నన్ను చూసి జాలిపడి, కోర్టులో ఖాళీ ఉందని తెలుసుకుని, నా చేత దరఖాస్తు పెట్టించి, నా కోసం నాలుగు చోట్ల తిరిగినవాడు ఆయనే. మా ఇంట్లో ఆయన మాట వస్తే మా అమ్మ కూర్చున్నదల్లా లేచి నిలబడేది. ఆ ఆదివారం ఆయన టీ తాగాడు, పిల్లల చదువులడిగాడు, మా ఆవిడను చెల్లెమ్మా చెల్లెమ్మా అంటూ నవ్వించాడు. కేసు ఊసే ఎత్తలేదు. గేటు దాకా సాగనంపడానికి వెళ్ళాను. అక్కడ నా భుజం మీద చెయ్యి వేశాడు.

“మంగళారం దాని వాయిదా గదా. పిలవొద్దని నాను అంతనేదు బావా. పిలువు. మరీ అరవకు. అంతే.”

బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఎంత బాగుండేది! భయపడి చేశానని ఇప్పుడు మీకు చెప్పుకునేవాణ్ణి. ఏమీ ఇస్తాననలేదు. ఇస్తానని ఉంటే కనీసం ఆశపడ్డానని చెప్పేవాణ్ణి. రెండూ లేవు. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. తల ఊపానా? ఊపలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఊపే ఉంటాను. ఆయన నవ్వుతూ కారెక్కాడు కాబట్టి ఊపే ఉంటాను. అన్నం పెట్టిన చెయ్యి అని మనం ఎంత తేలిగ్గా అంటాం, ఆ చెయ్యి భుజం మీద పడితే మనిషి ఎంత కుంగిపోతాడో ఆ రోజు తెలిసింది. కానీ ఇది కూడా సాకే. దానమ్మ భుజం మీద ఎవరి చెయ్యీ లేదు. ఆమె నిటారుగానే ఉంది.

మంగళవారం ఆమె సాక్ష్యం. తోట గురించి తొలిసారిగా మొత్తం చెప్పుకునే రోజు. పెందలాడే వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, సంచి రొమ్ముకు హత్తుకుని వచ్చింది. నేనే తీసుకెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టాను. కదలకమ్మా, నేను పిలుస్తానన్నాను. ఆ మాట ఎందుకన్నాను? అలవాటు కొద్దీ అన్నాననుకుందామా? కాదు. ఆమె తనంతట తాను లేచి వరండాలోకి రాకుండా ఉండాలని నాలో ఒక మూల ఉండే ఉంటుంది. నా మనసు నాకే ఇంత మురికిగా కనబడుతుంటే మీకెలా ఉంటుందో.

పన్నెండు దాటాక క్లర్కు ఆమె కేసు చదివాడు. నేను గుమ్మం దగ్గరకు నడిచాను. దాటలేదు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. మొహం వరండా వైపు కాకుండా పక్కనున్న ఇనప బీరువా వైపు తిప్పాను. పక్కింటివాళ్ళను నిద్ర లేపకూడదన్నట్టు పిలిచాను. ఆమె పేరు. మళ్ళీ ఆమె పేరు. మూడోసారి పిలిచే ముందు ఒక్క క్షణం ఆగాను. ఆమెకు అనుమానమొచ్చి తనే వచ్చేస్తే బాగుండునని నిజంగా కోరుకున్నాను. నేను పిలవకూడదు, ఆమె రావాలి. నేను మంచివాడిగానూ ఉండాలి, బావకు విశ్వాసంగానూ ఉండాలి. అలాంటి కోరిక. మూడోసారి నా పెదవులు కదిలాయి. మాట వచ్చిందో లేదో కూడా చెప్పలేను.

లోపలికెళ్ళి, పిలిచాను సార్, లేరు అన్నాను. బావ తరఫు లాయరు లేచి, ఇది రెండోసారి సార్ అన్నాడు. జడ్జిగారు గోడ మీది గడియారం చూశారు, గుమ్మం వైపు చూశారు, కలం తీశారు.

మధ్యాహ్నం కోర్టు లేచేవరకూ దానమ్మ అక్కడే కూర్చుంది. అప్పుడు నెమ్మదిగా వచ్చి, ఇంకా పిలవలేదేమిటని నన్నే అడిగింది. పిలిచానమ్మా, నువ్వు రాలేదు, కొట్టేశారన్నాను. ఆమె కొట్లాడలేదు, ఏడవలేదు. కుళాయి వైపు వెనక్కి తిరిగి చూసింది. ఆ బల్లకీ గుమ్మానికీ మధ్య దూరాన్ని కళ్ళతో కొలుస్తున్నట్టు చూసింది.

కేసుతోపాటు ఆ తాత్కాలిక ఆర్డరూ పోయింది. వారం తిరక్కుండానే తోట చుట్టూ ముళ్ళకంచె లేచింది.

ఆమె ఊరుకోలేదు. టైపు చేసేవాడి దగ్గర కూర్చుని అర్జీ రాయించింది. నేను కోర్టు ఆవరణలోనే ఉన్నాను, నాకు పిలుపు రాలేదు, నా కేసు మళ్ళీ తీసుకోండి అని. ఆ అర్జీ విచారణకు వచ్చిన రోజును నేను ఈ పదకొండేళ్ళలో ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నానో. ఏ మాట తర్వాత ఏ మాటో పొల్లుపోకుండా గుర్తుంది.

దానమ్మ నేను నేర్పిన చోటే నిలబడింది. జడ్జిగారు అర్జీ చదివి, ఆమెతో నెమ్మదిగా చెప్పారు. పోయినసారే ఆఖరని చెప్పాను కాబట్టి ఈసారి ఊరికే తీసుకోలేను, కానీ పిలవకపోతే అది మా తప్పు, ఈ క్షణమే మీ కేసు తిరిగి తీసుకుంటాను అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

“ఆ రోజు ఈమెను పిలిచావా?”

“పిలిచాను సార్.”

“ఎన్నిసార్లు?”

“మూడుసార్లు పిలిచాను సార్.”

“వరండాలోకి వెళ్ళి పిలిచావా?”

“వెళ్ళే పిలిచాను సార్.”

ఆయన దానమ్మ వైపు తిరిగారు. “పిలిచానంటున్నాడు. మీకు లాయరు లేడు కాబట్టి నేనే చెబుతున్నాను. ఇతన్ని మీరు ఏమైనా అడగాలనుకుంటే అడగొచ్చు. ఎక్కడ నిలబడి పిలిచావు, ఎంత గట్టిగా పిలిచావు, ఏదైనా అడగండి.”

దానమ్మ నన్ను చూసింది. నేను ఆమె సంచిని చూశాను. క్యాలెండరు చుట్ట కొస బయటికి కనబడుతోంది.

“ఆ బాబుని నానేటి అడుగుతానయ్యా,” అంది. “నాకు నిలబడ్డం నేర్పినోడు. దాహమేత్తే నీళ్ళిచ్చినోడు. ఆ బాబు అబద్దం ఆడడు. పిలిసే ఉంతాడు. నా సెవులే మంచివి కావు. నాకే ఇనబడనేదు.”

జడ్జిగారు వెంటనే రాయలేదు. “ఆలోచించుకుని చెప్పండమ్మా. మీరు ఈ మాట అంటే నేను రాసుకోవాలి.”

“ఆలోసించీదేటుందయ్యా. ఉన్న మాటే గదా.”

అప్పుడు కూడా ఆయన కలం ఎత్తి పట్టుకుని కాసేపు ఆగారు. నిమిషం ఉంటుందేమో. ఫ్యాను తిరుగుతోంది. బావ తరఫు లాయరు కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆ నిమిషంలో నేను ఒక్క అడుగు ముందుకు వేసి, లేదు సార్ అని ఉంటే? ఏమయ్యేది? ఉద్యోగం పోయేదా? పోయేదేమో. బావ మా గుమ్మం తొక్కేవాడు కాదు. మా ఆవిడ కొన్నాళ్ళు మాట్లాడేది కాదు. అంతేగా. అంతకన్నా ఏముంది? ఇప్పుడు తీరిగ్గా కూర్చుని చూస్తే ఎంత చిన్నవి ఇవన్నీ. కానీ అప్పుడు నేను నిలబడ్డ చోటే నిలబడ్డాను. ఊరంతా వినబడే గొంతు నాది. దాన్ని ఒక్క మాటకు వాడుకోలేకపోయాను.

జడ్జిగారు రాసేశారు. పిలిచిన సంగతి అర్జీదారే ఒప్పుకున్నారని రాసి అర్జీ కొట్టేశారు. అందులో ఆయన తప్పేముంది?

ఆమెకు ఏ చిన్న లాయరున్నా నన్ను వదిలేవాడు కాదు. ఎక్కడ నిలబడ్డావు, గుమ్మం దాటావా, టీకొట్టు దగ్గర గుమస్తాలకు వినబడిందా అని నాలుగు ప్రశ్నలు వేస్తే కక్కేసేవాణ్ణి. నాకా సంగతి తెలుసు, నేను గట్టివాణ్ణి కాదు. దానమ్మకు చట్టం రాకపోవడం వల్ల కేసు పోలేదు. నన్ను నమ్మడం వల్ల పోయింది. తన తరఫున మాట్లాడమని లేపితే, నా తరఫున మాట్లాడి కూర్చుంది.

ఇంతటితో అయిపోతే, ఒక్క రోజు పిరికితనం అని ఎప్పుడో ఒకప్పుడు నన్ను నేను సముదాయించుకునేవాణ్ణేమో. అయిపోలేదు.

రెండు వారాల తర్వాత ఆమె మళ్ళీ కోర్టుకొచ్చింది. నా కోసమే వచ్చింది. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి బస్సెక్కి వెళ్ళిందట, చెవులు చూపించుకోవడానికి. ఒక గదిలో కూర్చోబెట్టి, చెవులకు ఏవో తగిలించి, చప్పుడు వినబడితే చెయ్యెత్తమన్నారట. ఎంత చిన్న చప్పుడైనా చెయ్యెత్తుతూనే ఉందట. డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం నా చేతిలో పెట్టింది.

“సెవులు బాగున్నాయంతన్నారు బాబూ. మరి ఆ రోజేటయినట్టు?”

నింద వేస్తున్నట్టు లేదు ఆ గొంతు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. లెక్క రాని పిల్ల పంతుల్ని అడిగినట్టు అడిగింది. పై కోర్టుకు వెళ్ళడానికి అప్పటికింకా గడువుంది. ఎన్ని రోజులుందో కూడా నాకు తెలుసు. ఈ కాగితం పట్టుకుని ఫలానా లాయరు దగ్గరకు వెళ్ళమ్మా అంటే చాలు, నా తప్పు చెప్పక్కర్లేదు కూడా. నేనేమన్నాను? ఆ రోజు గాలి ఎక్కువగా ఉందమ్మా, సముద్రపు గాలికి ఒక్కోసారి మాట ఇటువైపు రాదు అన్నాను. ఇప్పుడీ కాగితం ఎందుకూ పనికిరాదన్నాను.

నమ్మింది. అదే అయ్యుంటుందంది, గాలొస్తే వినబడనివి ఏం చెవులని మళ్ళీ తన చెవుల మీదే నెపం వేసుకుంది. కాగితం తీసుకోమని నేను చెయ్యి చాపితే వద్దంది.

“నీ కాడే ఉంచు బాబూ. నా కాడుంతే సెదలు పట్టీతాది.”

ఆ తర్వాత ఆమె పలాసలో ఏదో జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి కుదిరిందని విన్నాను. మా బావ ఆ తోటలో కొన్నేళ్ళు పిక్కలు ఏరుకుని, తోటను ఎవరికో అమ్మేశాడు. వాళ్ళు చెట్లు కొట్టేసి ప్లాట్లు వేశారు. బావ కూడా ఇప్పుడు లేడు. ఆయన దినానికి వెళ్ళి పదిమందిలో కూర్చుని భోంచేసి వచ్చాను. ఆ కేసు గురించి ఆ ఆదివారం ముందు గానీ తర్వాత గానీ ఆయన ఒక్క మాటా అనలేదు. ఆయనకది గుర్తే లేదేమోనని నా అనుమానం. నేను నా బతుకంతా మోస్తున్న దాన్ని ఆయన గేటు దగ్గర వదిలేసి కారెక్కిపోయాడు.

ఒకసారి తెలిసిన లాయరును వేరేవాళ్ళ సంగతిలా అడిగాను. ఇన్నేళ్ళ తర్వాత అటెండరే వచ్చి నిజం చెబితే ఆ కేసు మళ్ళీ తెరుస్తారా అని. ఆయన నవ్వి, భూమి చేతులు మారిపోయాక, చెట్లే లేనప్పుడు ఎవరికి ఏం తెరుస్తారయ్యా అన్నాడు. ఆ మాట విని నాకు ప్రాణం కాస్త తేలికపడింది. ఇది కూడా రాయాలి. చెప్పినా లాభం లేదని తెలిసినందుకు నేను సంతోషించాను.

ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన నెల ఆమెను చూశాను. పలాసలో బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాను. కాశీబుగ్గ దగ్గర ఆమె ఎక్కింది. బాగా పాడైపోయింది మనిషి. మొహం ఉబ్బి ఉంది. వేళ్ళ కొసలు జీడి రసానికి నల్లగా కాలి ఉన్నాయి. నన్ను చూడలేదు. కండక్టరు వచ్చి ఎక్కడికమ్మా అని మామూలుగా అడిగాడు. ఆమె చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

“గట్టిగా అడుగు బాబూ. నాకు సెవుడు.”

కండక్టరు అరిచాడు. బస్సులో అందరూ తిరిగి చూశారు. ఆమె ఊరి పేరు చెప్పి, టికెట్టు తీసుకుని, అలవాటైపోయినట్టు కూర్చుంది. కాసేపటికి ఆమె సంచి అడుగున ఎక్కడో ఫోను సన్నగా మోగింది. పక్కనున్నామెకు కూడా తెలియలేదు. దానమ్మ వెంటనే సంచిలో చెయ్యి పెట్టింది.

డాక్టరు రాసిచ్చింది నమ్మలేదు. తన చెవులకు రోజూ వినబడుతున్నది కూడా నమ్మలేదు. మూడుసార్లు పిలిచానన్న నా మాటే పదకొండేళ్ళుగా నమ్ముతోంది. ఊరంతా ఆమెతో అరిచి మాట్లాడుతోంది, ఆమె అందరినీ గట్టిగా అడగమంటోంది, అదంతా నేను అంటగట్టిన చెవుడు.

లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చోవాల్సింది. నాలుగు సీట్ల దూరం. నేను దిగాల్సిన స్టాపు ఇంకా రాకముందే వెనక తలుపు నుంచి దిగిపోయాను. ఎండలో నడుచుకుంటూ ఇంటికొచ్చాను. ఎందుకిలా అయ్యానని నన్ను అడక్కండి. ఆ సంగతి నాకూ తెలియదు.

మొన్న పనిమీద మా కోర్టుకు వెళ్ళాను. ఇప్పుడు గోడ మీద తెర పెట్టారు, కేసు నంబరు అందులో కనబడుతుంది. అయినా అటెండరు బయటికొచ్చి పిలుస్తూనే ఉన్నాడు. కుళాయి దగ్గర బల్ల విరిగిపోయింది. అతను పిలిచిన ప్రతిసారీ నేను ఆ విరిగిన బల్ల వైపు చూశాను.

ఇది ఆమెకు చేరదని తెలుసు. ఆమె చదువుకోలేదు, చదివిపెట్టేవాళ్ళకు ఇది ఆమె సంగతని తెలియదు. పేరు కూడా మార్చేశాను కదా. అంటే ఇక్కడ కూడా ఆమెను ఆమెకు వినబడేలా పిలవలేదన్నమాట. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆమెను అడిగే మొహం నాకు లేదు. ఇది రాసినందుకు నేనేదో కడిగిన ముత్యాన్నయిపోయానని కూడా అనుకోవడం లేదు. ఒక్కటి మాత్రం నిజం. రాస్తున్నంతసేపూ, ఇన్నేళ్ళలో మొదటిసారి, నా గొంతులో ఏదీ అడ్డం పడలేదు.

ఆసుపత్రి కాగితం నా ముందే ఉంది. మడతల దగ్గర చిరిగింది. అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి. జడ్జిగారు రిటైరై ఎక్కడున్నారో నాకు తెలియదు. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇది.

పిలవలేదు సార్. ఆమె చెవులు మంచివే.